లూథర్ ఇల్లు, కేటీ కష్టం



అక్టోబరు 31 దగ్గరపడితే మన సంఘాల్లో సంస్కరణ పండుగ మాట వినబడుతుంది. ఆ ఆదివారం మార్టిన్ లూథర్ గురించి, 1517 గురించి, విట్టెన్‌బర్గ్ గుడి తలుపు గురించి, 95 అంశాల గురించి ప్రసంగం వింటాం. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాలకైతే ఆయన మరీ దగ్గరివాడు. 1842 జూలై 31న హయ్యర్ దొరగారు గుంటూరులో అడుగుపెట్టిన తర్వాత ఆ పేరు మన ఊళ్ళకు వచ్చింది. కొడుక్కి లూథర్ అని పేరు పెట్టుకున్న ఇళ్ళు మాకు తెలుసు. ఆయన భార్య పేరు అడిగితే మాత్రం చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఆ గుడి విట్టెన్‌బర్గ్ ఊరికి పడమటి చివర ఉంది. తూర్పు చివర ఒక పెద్ద ఇల్లు ఉంది. ఈసారి గుడి తలుపు దగ్గర ఆగిపోకుండా ఆ ఇంటిదాకా వెళ్దాం.

ఎందుకంటే మా దగ్గరకు వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం గుడివి కావు, ఇంటివి. పెళ్ళి ప్రసంగంలో ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం తెరుస్తాం. భర్తలు తమ భార్యలను ఎలా ప్రేమించాలో పౌలు రాసిన చోటికి వచ్చేసరికి పందిరంతా ఆమేన్ అంటుంది. ఆరు నెలలు తిరక్కుండానే ఆ అమ్మాయి పుట్టింట్లో కూర్చుని ఉంటుంది. ఏమ్మా అని అడిగితే చాలాసార్లు పెద్ద కారణమేమీ ఉండదు. కూలి డబ్బులు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి మాట ఎవరు వినాలి, అంతే. ప్రసంగంలో ప్రేమ అనే మాట ఎంత పైన ఉన్నా, ఇంట్లో అది డబ్బుల డబ్బా దగ్గర, పొయ్యి దగ్గర, జబ్బుపడ్డ పిల్ల మంచం దగ్గర తేలిపోతుంది. లూథర్ ఇంట్లో కూడా అక్కడే తేలింది. ఆ ఇంటి సంగతులు మనకు బాగా తెలుసు, ఎందుకంటే భోజనాల బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థులు ఆయన మాటలన్నీ రాసుకునేవారు, ఆయన భార్యకు రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి.

ఆమె పేరు కతరీనా ఫాన్ బోరా. ఆయన కేటీ అనేవాడు. 1499లో సాక్సనీలో, పేరుకు గొప్పవంశమే గానీ ఆస్తి కరిగిపోయిన ఇంట్లో పుట్టిందని చెబుతారు. చిన్నప్పుడే ఆమెను మఠంలో పెట్టారు. తర్వాత గ్రిమ్మా దగ్గరున్న నింబ్షెన్ మఠానికి పంపారు. 1515లో ఆమె అక్కడ సన్యాసినిగా ప్రమాణం చేసింది. ఆ పిల్లకు ఇష్టమా అని అడిగినవాళ్ళు ఉన్నట్టు లేదు. ఆడపిల్లను మఠానికి ఇస్తే కట్నం ఖర్చు తగ్గుతుంది, ఆ రోజుల్లో అది మామూలే.

లూథర్ రాసిన పుస్తకాలు మఠం గోడలు దాటి లోపలికి వచ్చాయి. కొందరు సన్యాసినులు ఆయనకు కబురు పంపారు, మమ్మల్ని బయటికి తీసుకెళ్ళే దారి చూడమని. 1523 ఈస్టరు సమయంలో, రాత్రిపూట, టోర్గావ్ పట్టణానికి చెందిన లియోన్హార్డ్ కోప్పె అనే వర్తకుడు తన బండితో వచ్చాడు. మఠానికి సరుకులు వేసే మనిషి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పన్నెండుమంది ఆ బండిలో బయటపడ్డారు. చేపల పీపాల్లో దాక్కున్నారని కథ చెబుతారు. పీపాల లోపలో, పీపాల మధ్యనో, ఏదైనా గానీ, దొరికితే కోప్పెకు ప్రాణం మీదికి వచ్చే పని. సన్యాసినిని మఠం నుంచి తప్పిస్తే చట్టం ప్రకారం మరణశిక్ష. ముగ్గురు తమ ఇళ్ళకు వెళ్ళారు, తొమ్మిదిమంది విట్టెన్‌బర్గ్ చేరారు. వాళ్ళలో కతరీనా ఒకరు.

ఈ తొమ్మిదిమందిని ఏం చేయాలి? ఇళ్ళకు రానివ్వరు. చేతిలో పైసా లేదు. లూథర్ వాళ్ళకు సంబంధాలు చూడడం మొదలుపెట్టాడు. కతరీనా చిత్రకారుడు లూకాస్ క్రానాక్ ఇంట్లో ఉంటూ వచ్చింది. నూరెంబర్గ్ యువకుడు ఒకతను ఆమెను ఇష్టపడ్డాడు, కానీ ఆ ఇంటివాళ్ళ దగ్గర ఆ సంబంధం నిలవలేదు. తర్వాత ఒక వయసుమళ్ళిన పాదిరిని చూపించారు. ఆమె కుదరదంది. అంతటితో ఆగకుండా, లూథర్ స్నేహితుడైన ఆమ్స్‌డార్ఫ్‌తో, మీరు గానీ లూథర్ గానీ అయితే చేసుకుంటానని చెప్పింది! ఆ కాలపు ఆడపిల్ల, పుట్టింటి అండ లేని పిల్ల, తన పెళ్ళి సంగతి తన నోటితో చెప్పుకుంది. మాకు ఈ చరిత్రలో బాగా నచ్చే చోట్లలో ఇది ఒకటి.

1525 జూన్ 13 సాయంత్రం పెళ్ళి జరిగింది. బూగెన్‌హాగెన్ పాదిరి పెళ్ళి జరిపించారు. క్రానాక్ దంపతులు, మరి ఇద్దరు స్నేహితులు సాక్షులు. వరుడికి 41 ఏళ్ళు, వధువుకు 26. లూథర్ మనసులో అప్పటికి ప్రేమ పొంగుతోందని అనుకోకండి. నాకు ఆమె మీద మోహమేమీ లేదు, గౌరవం ఉంది అనే అర్థంతో స్నేహితుడికి రాశాడు. ముసలి తండ్రి కోరిక తీర్చాలి, తాను బోధించినదాన్ని తానే చేసి చూపించాలి, అవీ ఆయన చెప్పిన కారణాలు. ప్రేమ తర్వాత వచ్చింది. ప్రేమించి పెళ్ళిచేసుకోవడమా, పెళ్ళిచేసుకుని ప్రేమించడమా అని మన యువకులు కూడికల్లో వాదించుకుంటుంటారు. ఈ ఇంట్లో మాత్రం రెండోదే జరిగింది.

ఆ వేళ మంచిది కాదని కూడా చెప్పాలి. అదే వసంతంలో జర్మనీలో రైతులు తిరగబడ్డారు, పదుల వేలమంది చచ్చిపోయారు. వాళ్ళను అణచమని ప్రభువులకు లూథర్ కఠినమైన మాటలు రాశాడు. కూలి చేసుకునే జనం మధ్య పరిచర్య చేసే మాకు ఆ రాత ఎప్పుడూ మింగుడుపడలేదు. చివరి ఏళ్ళలో యూదుల మీద రాసినది ఇంకా దారుణం. ఆయన ఇంటి గురించి మంచి చెప్పుకుంటున్నప్పుడు ఇవి దాచిపెట్టడం న్యాయం కాదు. దేవుడు మట్టి పాత్రలతోనే పని చేయించుకుంటాడని మనకు తెలుసు, పాత్రకు ఉన్న పగులు మట్టుకు పగులే.

కొత్త కాపురం ఎక్కడ? లూథర్ అంతకుముందు సన్యాసిగా ఉన్న మఠంలోనే. సన్యాసులు వెళ్ళిపోయాక అది ఖాళీగా పడి ఉంది. రాజు దాన్ని ఆయనకు ఇచ్చాడు. పెద్ద భవనం, పాడుబడ్డ గదులు. పెళ్ళికి ముందు ఒక సంవత్సరం పాటు తన పడక ఎవరూ సర్దలేదని, చెమటకు అది కుళ్ళిపోయిందని, అలిసిపోయి అందులోనే పడి నిద్రపోయేవాడినని లూథర్ తానే చెప్పుకున్నాడు. లోకాన్ని కదిలించిన మనిషి పడక గడ్డి మార్చుకోలేకపోయాడు! కేటీ వచ్చి మొదట చేసిన పని ఊహించుకోవచ్చు.

డబ్బు విషయంలో లూథర్ చేయి ఓటి కుండ. అడిగినవాడికల్లా ఇచ్చేవాడు, లేకపోతే బహుమతిగా వచ్చిన వెండి గిన్నెలు తీసి ఇచ్చేవాడు. పుస్తకాలు వేలకు వేలు అమ్ముడయ్యాయి, అచ్చువేసినవాళ్ళు బాగుపడ్డారు, ఆయన మాత్రం ఒక్క నాణెం పుచ్చుకోలేదు. పెళ్ళికి మైన్జ్ ఆర్చిబిషప్ 20 గుల్డెన్లు బహుమతి పంపితే (ఏ పాపక్షమాపణ పత్రాల మీద లూథర్ పోరాడాడో అవి అమ్మించిన ఆర్చిబిషప్పే ఆయన) లూథర్ వెనక్కి పంపమన్నాడని, కేటీ మాత్రం పుచ్చుకుని దాచిందని చెబుతారు. విశ్వాసం ఎవరిది గొప్పదని ఎవరైనా అడిగితే మేము సమాధానం చెప్పలేం. మర్నాడు పిండి కొనాల్సింది ఎవరో మాత్రం చెప్పగలం.

ఆ ఇంటి పని చూడండి. మఠానికి బీరు కాచుకునే హక్కు ఉండేది, ఆమె దాన్ని మళ్ళీ నడిపించింది. (అక్కడ అది రోజూ భోజనంలో తాగేది, మన సారా కొట్టుతో పోల్చకండి.) కూరగాయల తోట వేసింది. ఆవులు, పందులు, కోళ్ళు పెంచింది. చేపల చెరువు చూసుకుంది. గదులు బాగుచేయించి విద్యార్థులకు భోజనం, వసతి ఇచ్చి డబ్బు తీసుకుంది. 1540లో తన అన్నదమ్ముల దగ్గర త్సూల్స్‌డార్ఫ్ అనే చిన్న పొలం కొని, బండి మీద రెండు రోజుల ప్రయాణం చేసి వెళ్ళి సేద్యం చేయించేది. తెల్లవారకముందే లేస్తుందని ఆమెను విట్టెన్‌బర్గ్ వేగుచుక్క అనేవారు. మన ఊళ్ళలో కోడి కూయకముందే కళ్ళాపి చల్లి, పాలు పితికి, పిల్లలను తయారుచేసి నాట్లకు వెళ్ళే అక్కలకు ఇందులో వింతేమీ కనబడదు. వాళ్ళకు ఎవరూ వేగుచుక్క అని పేరు పెట్టలేదు, అంతే తేడా.

ఇంట్లో మనుషులు ఎంతమంది? సొంత పిల్లలు ఆరుగురు పుట్టారు: హాన్స్, ఎలిజబెత్, మగ్దలీన, మార్టిన్, పౌల్, మార్గరెతె. తల్లిదండ్రులు పోయిన మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు ఇక్కడే పెరిగారు. కేటీ పిన్నిగారు, ఆమె కూడా మఠం వదిలి వచ్చినావిడే, పిల్లలకు లీనె అత్త. విద్యార్థులు, పాఠం చెప్పే పంతుళ్ళు, ఊళ్ళు విడిచి పారిపోయి వచ్చిన పాదిరులు, విధవరాళ్ళు. ఒక్కో వేళ ముప్పై, నలభై మందికి వండాల్సి వచ్చేది. 1542లో ఒక ప్రభువు విట్టెన్‌బర్గ్ వస్తూ లూథర్ ఇంట్లో దిగాలనుకుంటే, వద్దు బాబూ, అక్కడ కుర్రాళ్ళు, ఆడపిల్లలు, ముసలమ్మలు, పిల్లలు, ఒకటే గోల అని తెలిసినవాడు ఉత్తరం రాశాడు.

ఇప్పుడు ఆ ప్రసిద్ధమైన బల్ల సంగతి. అక్కడ లూథర్ మాట్లాడిన మాటలు 1566లో పెద్ద పుస్తకంగా అచ్చయ్యాయి. పండితులు నేటికీ చదువుతున్నారు. ఆ బల్ల మీద అన్నం ఎలా వచ్చిందో రాసుకున్న విద్యార్థి లేడు. కేటీ మధ్యలో మాట కలిపితే కొందరికి చిరాకు కూడా వేసేదట.

లూథర్‌కు ఆ కష్టం కనబడిందా? ఇక్కడే మేము కొంచెం ఆగుతాం. ఆడవాళ్ళు ఇంటికే తగినవాళ్ళని ఆయన బల్ల దగ్గర అన్న మాటలు ఉన్నాయి, ఇవాళ చదివితే నవ్వు రాదు. కానీ పెళ్ళికి మూడేళ్ళ ముందే, 1522లో, వివాహం గురించి రాసిన చిన్న పుస్తకంలో ఇంకో మాట ఉంది. తండ్రి తన బిడ్డ గుడ్డలు ఉతుకుతుంటే ఊరివాళ్ళు ఆడంగివాడని నవ్వవచ్చు, అతడు విశ్వాసంతో ఆ పని చేస్తుంటే దేవుడు, దేవదూతలు సంతోషంతో చిరునవ్వు నవ్వుతారని దాని సారం. రాసేటప్పటికి ఆయన బ్రహ్మచారి, బిడ్డ గుడ్డ పట్టుకున్న చేయి కాదు. అయినా ఆ మాట పెద్దది. అప్పటిదాకా పరిశుద్ధత అంటే మఠంలో ఉండేది. సంసారం అంటే రెండో రకం బ్రతుకు. మఠం నుంచి పరిశుద్ధతను తీసుకొచ్చి చంటిబిడ్డ తొట్టి పక్కన పెట్టాడు ఆయన. మా ఊళ్ళలో ఇప్పటికీ నలభై రోజుల ఉపవాస ప్రార్థన చేసినవాడిని భక్తిపరుడంటారు గానీ, మంచంపట్టిన అత్తగారికి నాలుగేళ్ళు స్నానం చేయించిన కోడలిని అలా అనడం అరుదు.

1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు కూడా ఇదే. అంతకుముందు ఏడాది సాక్సనీ పల్లెల్లో సంఘాలను చూడడానికి వెళ్ళి, జనానికి పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన కూడా రాకపోవడం చూసి వచ్చాడు. అందుకే ఆ పుస్తకాన్ని పాదిరుల కోసమే కాక ఇంటి పెద్దలు ఇంట్లో నేర్పేటట్టు రాశాడు. పొద్దున్న లేవగానే ఒక ప్రార్థన, పడుకునేముందు ఒకటి, భోజనానికి ముందు, తర్వాత. మన ఇళ్ళలో దీపాలవేళ కుటుంబ ప్రార్థనకు చాప పరిచినప్పుడు, అన్నం ముందు పిల్లలు కళ్ళు మూసుకున్నప్పుడు, ఈ ప్రశ్నోత్తరి నేర్చుకున్న సంఘాల్లో ఆ అలవాటుకు ఒక వేరు అక్కడ ఉంది.

ఇంట్లో విశ్వాసం మాటల్లో తేలలేదు, రోగాల్లో తేలింది. 1527లో విట్టెన్‌బర్గ్‌కు మహమ్మారి వచ్చింది. విశ్వవిద్యాలయం ఊరు వదిలి వెళ్ళిపోయింది, లూథర్‌ను కూడా వెళ్ళమని రాజు ఆజ్ఞ. ఆయన వెళ్ళలేదు. రోగుల దగ్గర కాపరి ఉండాలన్నాడు, మహమ్మారి నుంచి పారిపోవచ్చా అనే ప్రశ్నకు జవాబుగా చిన్న పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం 2020లో కరోనా వచ్చినప్పుడు చాలామంది మళ్ళీ తీసి చదివారు. అందరూ లూథర్ ధైర్యాన్ని మెచ్చుకున్నారు. సరే, ఆయన ఉండిపోయాడు, మరి రోగులను ఎక్కడ పెట్టారు? ఆ ఇంట్లోనే. కేటీ అప్పుడు నిండు గర్భిణి. ఒక ఏడాది వయసు హాన్స్‌కు కూడా జబ్బు చేసింది. డిసెంబరు 10న ఎలిజబెత్ పుట్టింది. ఎనిమిది నెలలు తిరగకుండా, 1528 ఆగస్టు 3న, ఆ పాప చనిపోయింది. తండ్రి మనసు బిడ్డ కోసం ఇంత మెత్తబడుతుందని నేను ఎన్నడూ అనుకోలేదని లూథర్ స్నేహితుడికి రాసుకున్నాడు.

1530లో ఆయన కోబుర్గ్ కోటలో నెలల తరబడి ఉండవలసి వచ్చింది. అక్కడ ఉండగానే తండ్రి చనిపోయిన వార్త వచ్చింది. కేటీ అప్పుడు ఏం చేసిందో తెలుసా? ఏడాది వయసున్న మగ్దలీన బొమ్మ గీయించి పంపింది. ఆయన దాన్ని గోడకు తగిలించుకున్నాడు. అక్కడినుంచే నాలుగేళ్ళ హాన్స్‌కు ఉత్తరం రాశాడు: ప్రార్థన చేసి చదువుకునే పిల్లలకు ఒక అందమైన తోట ఉంది, అందులో పండ్లు, బంగారు కళ్ళేలున్న చిన్న గుర్రాలు, డప్పులు ఉన్నాయి, నీ స్నేహితులు రావచ్చు, లీనె అత్త కూడా రావచ్చు అని. రాజుల సభకు జవాబులు రాస్తున్న మనిషి, కొడుక్కి గుర్రాల గురించి రాశాడు. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉండి ఫోనులో పిల్లలకు కథ చెప్పే తండ్రులు మన సంఘాల్లో ఉన్నారు, వాళ్ళకు ఈ ఉత్తరం బాగా అర్థమవుతుంది.

మగ్దలీన పదమూడో ఏట జబ్బుపడింది. 1542 సెప్టెంబరు. అన్నను చూడాలంటే టోర్గావ్‌లో చదువుకుంటున్న హాన్స్‌ను బండి పంపి పిలిపించారు. ఇక్కడున్న తండ్రి దగ్గర ఉండాలని ఉందా, పైనున్న తండ్రి దగ్గరికి వెళ్ళాలని ఉందా అని లూథర్ అడిగితే, దేవుని చిత్తమే అని ఆ పిల్ల చెప్పిందని రాసి ఉంది. సెప్టెంబరు 20న తండ్రి చేతుల్లో ప్రాణం విడిచింది. కేటీ అదే గదిలో ఉంది, మంచానికి కొంచెం దూరంగా, దుఃఖం తట్టుకోలేక. మూడు రోజుల తర్వాత లూథర్ స్నేహితుడు యోనాస్‌కు రాసిన ఉత్తరంలో ఒక నిజాయితీ ఉంది. మా బిడ్డ మేలైన చోటికి వెళ్ళింది, మేము కృతజ్ఞతలు చెప్పాలి, కానీ మేమిద్దరం ఏడవకుండా, మూలగకుండా ఆ పని చేయలేకపోతున్నాం, క్రీస్తు మరణం కూడా ఈ బాధను పూర్తిగా తీసివేయలేకపోతోంది అనే భావం అది. సంస్కరణకర్త రాసిన మాట ఇది. సమాధి దగ్గర ఏడుస్తున్న తల్లిని, విశ్వాసి ఏడవకూడదమ్మా అని ఆపేవాళ్ళు మనలో ఉన్నారు. లూథర్ ఇంట్లో అలా ఆపలేదు.

అదే ఏడాది జనవరి 6న ఆయన ఇంకో కాగితం రాశాడు. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ కాగితమే.

సాక్సనీ చట్టం ప్రకారం భర్త పోతే భార్యకు దక్కేది దాదాపు ఏమీ లేదు. ఒక కుర్చీ, నూలు వడుక్కునే కదురు అని జనం సామెతగా చెప్పుకునేవారు. ఆస్తి పిల్లలది, విధవరాలికి సంరక్షకులుగా మగవాళ్ళు. లూథర్ వీలునామా దీన్ని కాదంది. త్సూల్స్‌డార్ఫ్ పొలం, ఒక చిన్న ఇల్లు, వెండి పాత్రలు, నగలు కేటీకే. అప్పులు కూడా ఆమే తీర్చాలి. కారణాలు కూడా రాశాడు. ఆమె నన్ను నమ్మకంగా ప్రేమించి చూసుకుంది, పిల్లలను కని పెంచింది, అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె పిల్లల చేతులవైపు చూడకూడదు, పిల్లలే ఆమె చేతులవైపు చూడాలి అని. వేరే సంరక్షకులు అక్కర్లేదు, తల్లి చాలు. మెలాంక్‌తన్, క్రూసిగర్, బూగెన్‌హాగెన్ సంతకాలు చేశారు. న్యాయవాదుల మీద నమ్మకం లేక వాళ్ళను పిలవలేదు.

ఆయన ఉత్తరాల్లో కేటీని నా దొర అని పిలిచేవాడు, గలతీ పత్రికను నా కేటీ అనేవాడు. 1535లో పరిశుద్ధ గ్రంథం మొత్తం చదివి పూర్తిచేస్తే 50 గుల్డెన్లు ఇస్తానని పందెం కట్టాడు, ఆమె పట్టుదలగా చదివింది. ఇవన్నీ ముచ్చటైన సంగతులు. కానీ మాకు ఆ వీలునామాలోనే ఆయన ప్రేమ ఎక్కువ కనబడుతుంది. భార్యను ముద్దుగా పిలవడానికి ఖర్చు లేదు. పొలం ఆమె పేరున రాయడానికి ఊరి కట్టుబాటును ఎదిరించాలి. మా సంఘాల్లో ఎకరం భూమి ఉన్న విశ్వాసులు ఉన్నారు, పాసుపుస్తకం మీద భార్య పేరు ఎంతమందికి ఉందో మీకూ తెలుసు. పాస్టర్ల సంగతి ఇంకా చెప్పాలా? ముప్పై ఏళ్ళు స్త్రీల కూడిక నడిపి, ఆదివారం వచ్చినవాళ్ళందరికీ అన్నం వండిపెట్టి, గుప్పెడు బియ్యం లెక్కలు రాసిన పాస్టరమ్మ, పాస్టర్ గారి సమాధి కార్యక్రమం అయిన మరుసటి నెల మందిరం గదిలో సామాను మూట కట్టుకోవడం మేము చూశాం. సంఘం చెడ్డది కాదు. కొత్త పాస్టర్ గారికి గది కావాలి. ఆమె పేరు మీద మాత్రం ఎక్కడా ఏ కాగితం లేదు.

1546 జనవరిలో లూథర్ ఐస్లెబెన్ వెళ్ళాడు, కొడుకులు ముగ్గురు వెంట ఉన్నారు. కేటీ ఇంట్లో దిగులు పడుతోందని తెలిసి, నా కోసం దేవుడికి బదులు నువ్వు చింతపడుతున్నావా అని ఉత్తరంలో వేళాకోళం చేశాడు. నువ్వు చింతపడడం మొదలుపెట్టాక ఇక్కడ నిప్పు అంటుకుంది, పైనుంచి రాయి పడబోయింది, ఇంకొంచెం చింతపడితే భూమి మింగేస్తుందేమో అని నవ్వించాడు. ఫిబ్రవరి 18న అక్కడే చనిపోయాడు. కేటీ దగ్గర లేదు. తర్వాత ఆమె తన బంధువుకు రాయించిన ఉత్తరంలో, తినలేను, తాగలేను, నిద్ర లేదు, ఒక రాజ్యమే నాదై ఉండి అది పోయినా ఇంత బాధ ఉండేది కాదు అనే మాటలున్నాయి.

ఇక వీలునామా. చట్టానికి విరుద్ధమని అడ్డు వచ్చింది. రాజు మంత్రి బ్రూక్ గారికి కేటీ అంటే మొదటినుంచీ పడదు. ఖర్చుమనిషి, పెత్తనం ఎక్కువ, ఇంత పెద్ద ఇల్లు ఎందుకు, కొడుకులను ఆమె దగ్గరనుంచి తీసి వేరేచోట చదివించాలి అన్నాడు. రాజు దయతలచి వీలునామాను ఒప్పుకున్నాడు, కానీ సంరక్షకులను పెట్టకుండా వదల్లేదు. వీలునామా మీద సంతకం చేసిన స్నేహితులు మంచివాళ్ళే, ఆమె కోసం ఉత్తరాలు రాశారు. అంతకుమించి వాళ్ళ చేతుల్లో ఎక్కువ లేదు. కొడుకులు మాత్రం చివరకు తల్లి దగ్గరే ఉన్నారు.

ఆ ఏడాది చివరికే యుద్ధం వచ్చింది. పిల్లలను తీసుకుని ఆమె మాగ్డెబర్గ్‌కు పారిపోయింది. 1547లో మళ్ళీ పారిపోవలసి వచ్చింది, ఈసారి బ్రౌన్‌ష్వైగ్ దాకా. తిరిగి వచ్చి చూస్తే పొలాలు పాడైపోయాయి, పశువులు లేవు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మళ్ళీ మొదలుపెట్టింది. అప్పు చేసింది, విద్యార్థులకు మళ్ళీ గదులిచ్చింది, వండిపెట్టింది. డెన్మార్క్ రాజుకు సహాయం కోసం ఉత్తరాలు రాసింది. లూథర్ పేరు చెప్పుకుని ఎన్నో రాజ్యాలు తమ సంఘాలను కట్టుకుంటున్న రోజులవి. ఆయన ఇల్లాలు వెండి పాత్రలు తాకట్టు పెట్టుకుంటోంది.

1552లో విట్టెన్‌బర్గ్‌కు మళ్ళీ మహమ్మారి వచ్చింది. 1527లో రోగులను ఇంట్లో పెట్టుకుని చూసిన మనిషి, ఈసారి పిల్లల కోసం బయలుదేరింది. దారిలో గుర్రాలు బెదిరాయి. బండి ఆపబోయి ఆమె కిందపడింది, చన్నీళ్ళున్న గుంటలో. టోర్గావ్ చేరుకుంది గానీ మంచం దిగలేదు. దాదాపు మూడు నెలలు కూతురు మార్గరెతె పక్కన ఉండి చూసుకుంది. డిసెంబరు 20న ప్రభువు దగ్గరికి వెళ్ళింది. వయసు 53.

హాన్స్ న్యాయశాస్త్రం చదివాడు, మార్టిన్ వేదాంతం, పౌల్ పేరున్న వైద్యుడయ్యాడు. 1564లో వారసులు ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి అమ్మారు. ఇప్పుడది మ్యూజియం. ముందు ద్వారం చుట్టూ చెక్కిన రాతి పని కేటీ 1540లో చేయించినదే, లూథర్‌కు బహుమతిగా. ద్వారానికి అటొకటి ఇటొకటి రెండు రాతి పీటలు ఉన్నాయి, సాయంత్రం ఇద్దరూ కూర్చోవడానికి.

లూథర్ సమాధి విట్టెన్‌బర్గ్ గుడిలో, ప్రసంగవేదిక కింద ఉంది. కేటీ సమాధి అక్కడ లేదు. ఏ ఊరి వర్తకుడు బండి తెచ్చి ఆమెను మఠం నుంచి తప్పించాడో ఆ టోర్గావ్‌లోనే, మరియ గుడిలో ఉంది. రాతి మీద ఆమెను నిలువెత్తున చెక్కారు, చేతిలో పుస్తకంతో.